ఒక బెల్ స్విచ్చి చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకి మన బడి సైన్సు క్లబ్బు చరిత్ర రాయమని సంఘం పెద్దలు అడిగారు. సరేనని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఎటు తిరిగినా నా జ్ఞాపకం ఒక్క వస్తువు దగ్గరికే వచ్చి ఆగింది. అది గుమ్మం పక్కన బిగించే మామూలు కాలింగ్ బెల్ స్విచ్చి. ఆ స్విచ్చి వల్ల మన క్లబ్బులో ఒకడికి అన్యాయం జరిగింది. ఆ అన్యాయంలో మొదటి వాటా నాది. అందుకని క్లబ్బు చరిత్ర మొత్తం మరొకరికి వదిలి, ఈ స్విచ్చి చరిత్ర మాత్రం రాస్తున్నాను. ఇందులో మన బడి కథ కొంత, బడి బయటి కథ కొంత ఉంటాయి. రెండూ కలిస్తేగానీ తప్పు ఎవరిదో తేలదు.

ఆటల పోటీల టైమరు

1984-85లో మాది పదో తరగతి. క్లబ్బులో మేము ఏడుగురం. సైన్సు మాస్టారు ఏదో శిక్షణకి హైదరాబాదు వెళ్ళి, వస్తూ వస్తూ కోఠి గుజరాతీ గల్లీలో కొన్న సామాను ఒక బిస్కెట్ల డబ్బాలో పోసి తెచ్చారు. ఒక 555 టైమరు చిప్పు, మూడు 7490 కౌంటర్లు, మూడు 7447లు, ఒక 7474, ఎర్ర అంకెల డిస్‌ప్లేలు మూడు, చిల్లుల బోర్డు, సోల్డరింగు తీగ. "ఆటల పోటీలకి మన బడి తయారుచేసిన టైమరు ఉండాలి" అన్నారు. అప్పటిదాకా డ్రిల్లు మాస్టారి కీ ఇచ్చే స్టాప్‌వాచే దిక్కు.

సర్క్యూట్ నేను గీశాను. పెద్ద విద్యేమీ కాదు. 555 సెకనుకు పది పల్సులు ఇస్తుంది. కౌంటర్లు వాటిని లెక్కపెడతాయి. పదులు, ఒకట్లు, సెకనులో పదో వంతు అని మూడు అంకెలు కనిపిస్తాయి. చేతి గడియారం పక్కన పెట్టుకుని, నిమిషానికి ఆరు వందలు వచ్చేదాకా ప్రీసెట్ తిప్పుతూ రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఆరు టార్చి సెల్లులు పెడితే నడిచేది.

టైమరుని నడిపేది ఒకే స్విచ్చి. ఒకసారి నొక్కితే లెక్క మొదలు, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. ఆ పని 7474లోని ఫ్లిప్-ఫ్లాప్ చేస్తుంది. డ్రిల్లు పీరియడ్ గుర్తుందా? మాస్టారు విజిల్ వేస్తే లేవాలి, మళ్ళీ వేస్తే కూర్చోవాలి. ఫ్లిప్-ఫ్లాప్ అచ్చం ఆ పిల్లవాడే. ఎందుకు విజిల్ వేశారని అడగడు. విజిల్ వినపడినప్పుడల్లా లేస్తాడు, లేకపోతే కూర్చుంటాడు.

బల్ల మీద పరీక్షించినప్పుడు మాస్టారు తెచ్చిన చిన్న కొత్త పుష్ బటన్ వాడాం. ఎప్పుడైనా ఒకసారి మొరాయించినా పట్టించుకోలేదు. తీరా మైదానానికి వెళ్ళేసరికి ఆ బటన్ మరీ చిన్నదిగా ఉంది, చేతిలో పట్టు దొరకలేదు. మా ఇంటి నుంచి ఒక పాత బెల్ స్విచ్చి తెచ్చి, చెక్కముక్కకి బిగించి, పొడుగాటి వైరుతో పెట్టెకి కలిపాను. ఆ స్విచ్చి మా గుమ్మంలో ఏళ్ళ తరబడి పనిచేసింది. దాన్ని శంకించాలని ఎవరికి తోస్తుంది?

స్విచ్చి నొక్కే పని మా ఏడుగురిలో ఒకడికి ఇచ్చాం. వాడి పేరు రాయను. ఇది చదివితే వాడికి తెలుస్తుంది. మా అందరిలోకీ చెయ్యి స్థిరంగా ఉండేది వాడిదే. సన్న తీగలకి సోల్డరింగు అంతా వాడే చేశాడు.

వంద మీటర్ల పరుగు మొదటి హీటు. డ్రిల్లు మాస్టారు జెండా దించారు, వీడు నొక్కాడు. అంకెలు కదల్లేదు. రెండో హీటులో కదిలాయి, కానీ గెలిచినవాడు తాడు దాటాక నొక్కితే ఆగలేదు. ఫైనల్లో మళ్ళీ మొదలే కాలేదు. మైకులో "సైన్సు క్లబ్బు వారి టైమరు" అని చెప్పిన హెడ్మాస్టరు గారు ముఖం తిప్పుకున్నారు. జనం నవ్వారు.

"సరిగా నొక్కలేదు వీడు" అన్నాను నేను.

"ఒక్కసారే గట్టిగా నొక్కాను మాస్టారూ. ఆ పచ్చ లైటు చటుక్కున వెలిగి ఆరిపోయింది" అన్నాడు వాడు. ఫ్లిప్-ఫ్లాప్ 'లేచి' ఉందని చూపించే చిన్న లైటు అది.

"లైటు వెలిగితే లెక్క మొదలవ్వాలి కదరా. నీ చెయ్యి వణికి ఉంటుంది" అన్నాను. మాస్టారు నా మాటే నమ్మారు. సర్క్యూట్ గీసినవాడిని నేను కదా! వచ్చే నెల జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకి అదే పెట్టె వెళ్ళింది. వాడి బదులు మరొకడిని తీసుకెళ్ళాం. అక్కడ బల్ల మీద, చిన్న బటన్‌తో నడిచింది కాబట్టి పరువు దక్కింది, నాకో ప్రశంసాపత్రం కూడా దక్కింది. వాడు మళ్ళీ క్లబ్బు గదిలోకి రాలేదు.

బెల్లుకి వినపడనిది

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లాబ్‌లో నాకు అసలు సంగతి కనిపించింది. అక్కడి పెద్ద ఇంజనీరు ఒక స్విచ్చిని ఆసిలోస్కోపుకి కలిపి, నొక్కి చూపించారు. స్విచ్చి నొక్కితే వోల్టేజి మెట్టు ఎక్కినట్టు ఒక్కసారి మారుతుందని నేను అనుకునేవాణ్ణి. తెర మీద వచ్చింది మెట్టు కాదు, దువ్వెన. కొన్ని మిల్లీసెకన్ల పాటు పళ్ళు పళ్ళుగా పైకీ కిందకీ ఊగి, ఆ తరువాత గీత నిలబడింది.

స్టీలు గ్లాసు గచ్చు మీద పడితే ఒక్కసారి మోగి ఊరుకోదు కదా. టంగుమని ఎగిరి, మళ్ళీ పడి, చిన్నగా మరి నాలుగుసార్లు మోగి అప్పుడు ఆగుతుంది. స్విచ్చి లోపలి రెండు లోహపు రేకులూ అంతే. తాకిన వేగానికి ఎగిరి విడిపోతాయి, స్ప్రింగు మళ్ళీ తాకిస్తుంది, మళ్ళీ విడిపోతాయి. దీన్నే కాంటాక్ట్ బౌన్స్ అంటారు. మంచి చిన్న బటన్లలో ఇది ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముగియవచ్చు. పెద్ద రేకులున్న పాత స్విచ్చిల్లో పది, ఇరవై మిల్లీసెకన్లు సాగినా ఆశ్చర్యం లేదు. వదిలేటప్పుడు కూడా జరుగుతుంది. ఏ చేతిలోనైనా జరుగుతుంది.

మరి మా గుమ్మంలో అన్నేళ్ళు ఎలా పనిచేసింది? బెల్లు నెమ్మదైనది కాబట్టి. బెల్లులోని సుత్తి ఒకసారి కదలడానికే మిల్లీసెకన్లు పడుతుంది. బల్బు ఫిలమెంటు అంత త్వరగా చల్లారదు. మన కన్నూ అంత త్వరగా చూడదు. కానీ 7474 సెకనుకు కోటికి పైగా పల్సులను విడివిడిగా గుర్తించగలదు. దానికి పది మిల్లీసెకన్లంటే ఒక యుగం. దువ్వెనలోని ప్రతి పన్నూ దానికి ఒక విజిల్. విజిళ్ళు బేసి సంఖ్యలో వస్తే పిల్లవాడు నిలబడి ఉంటాడు, సరి సంఖ్యలో వస్తే లేచి మళ్ళీ కూర్చుంటాడు. ఆ లేచి కూర్చున్న క్షణమే వాడు చూసిన పచ్చ లైటు. వాడు చూసింది అక్షరాలా నిజం. మైదానంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అది. దాన్ని నేను కొట్టిపారేశాను.

వేగంగా వినే యంత్రాల కథ

నాకు తెలిసినంతలో స్విచ్చి కొత్తగా చెడిపోలేదు, వినేవాడు మారాడు. ఆ మార్పు వంద ఏళ్ళ కిందటే మొదలైంది.

1918లో ఇంగ్లండులో విలియం ఎక్లిస్, ఎఫ్.డబ్ల్యు. జోర్డాన్ అనే ఇద్దరు రెండు రేడియో వాల్వులను ఒకదానికొకటి అడ్డంగా కలిపి ఒక సర్క్యూట్ చేశారు. ఒక వాల్వు నడుస్తుంటే రెండోది ఆగి ఉంటుంది. చిన్న పల్సు తగిలితే స్థితి మారి, మళ్ళీ పల్సు వచ్చేదాకా అలాగే ఉంటుంది. మన 7474కి, నేటి కంప్యూటర్లలోని ఫ్లిప్-ఫ్లాపులకి అది తాత.

అప్పట్లో అణుశాస్త్రవేత్తలు చీకటిగదిలో కూర్చుని, తెర మీద మెరిసే మెరుపులను కళ్ళతో లెక్కపెట్టేవారు. కన్ను అలసిపోతుంది. యంత్రపు మీటర్లు పెడితే అవి కణాల వేగం అందుకోలేవు. 1930ల మొదట్లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో విన్-విలియమ్స్ థైరట్రాన్ వాల్వులతో, రెండు పల్సులకి ఒకటి చొప్పున బయటికి పంపే కౌంటరు చేశాడు. అలాంటివి వరసగా పెడితే చివరి మీటరుకి అందుకోగలిగినన్నే చేరతాయి. లెక్కపెట్టే పని మనిషి ఇంద్రియం నుంచి ఎలక్ట్రానుకి మారింది ఆ రోజుల్లోనే. ఎలక్ట్రాను వినడం మొదలెట్టాక, మన లోహపు రేకుల గంతులు దాచుకోవడానికి చోటు లేకపోయింది.

మందు కూడా ఆ దశకంలోనే పుట్టింది. అమెరికాలో ఆటో ష్మిట్ అనే పరిశోధక విద్యార్థి స్క్విడ్ అనే సముద్రజీవి నరాలను పరిశీలిస్తూ, 1934లో ఒక సర్క్యూట్ రూపొందించాడు. దానికి రెండు గీతలుంటాయి. వోల్టేజి పై గీత దాటితేనే 'ఉంది' అంటుంది. కింది గీత కంటే తగ్గితేనే 'లేదు' అంటుంది. మధ్యలో ఎంత ఊగినా మాట మార్చదు. దాన్నే ఇప్పుడు ష్మిట్ ట్రిగ్గర్ అంటున్నాం.

ఇక మా పెట్టెలోని 555. స్విట్జర్లాండులో పుట్టి అమెరికా వెళ్ళిన హాన్స్ కామెన్‌జిండ్ 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం దాన్ని డిజైన్ చేశాడు. మొదటి డిజైన్ కంపెనీ సమీక్షలో పాసైంది, కానీ దానికి తొమ్మిది కాళ్ళు కావాలి. ఆ తరువాత ఆయన మళ్ళీ ఆలోచించి, లోపలి ఒక భాగం తీసేసి బయట మామూలు రెసిస్టర్ పెడితే చాలని కనిపెట్టాడు. ఎనిమిది కాళ్ళతో సరిపోయింది, చిన్న ప్యాకేజీలో పట్టింది, చవకైంది. 1972లో బజారులోకి వచ్చి ఇప్పటికీ దొరుకుతోంది. లోపల మూడు 5 కిలో ఓముల రెసిస్టర్లున్నాయి కాబట్టే 555 అన్నారని మన క్లబ్బులో చెప్పుకునేవాళ్ళం. కామెన్‌జిండే అది కాదని చెప్పాడు. కంపెనీ మార్కెటింగు వాళ్ళు ఊరికే ఎంచుకున్న అంకె అట. పాసైన డిజైన్‌ని మళ్ళీ తిరగేసిన ఆ మనిషి సంగతి చదివినప్పుడల్లా, పాసవని డిజైన్‌ని కూడా తిరగేయని నేను గుర్తొస్తాను.

గంతులు మాన్పే ఉపాయాలు

ఈ గంతులను లెక్కలోకి రాకుండా చేయడాన్ని డీబౌన్సింగ్ అంటారు. ఇప్పటి పిల్లలు ఎవరైనా ఇది చదివి చేసి చూస్తారేమోనని ముఖ్యమైనవి చెబుతాను.

మొదటిది పాదరసం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలంలో కొన్ని రిలేల కాంటాక్టులకి పాదరసపు పొర ఉండేది. లోహం ఎగిరినా మధ్యలో ద్రవం తెగదు కాబట్టి కరెంటు తెగదు. పాదరసం విషం కనుక ఇప్పుడు ఆ దారి పోవడం లేదు.

రెండోది ఇంట్లో మెట్ల లైటుకి వాడే టూవే స్విచ్చి పద్ధతి. మధ్య రేకు ఒకవైపు వదిలి మరోవైపు తాకే స్విచ్చి, దానికి రెండు నాండ్ గేట్లు ఒకదానికొకటి అడ్డంగా కలిపిన లాచి, రెండు రెసిస్టర్లు. రేకు అవతలివైపు మొదటిసారి తాకగానే లాచి మారుతుంది. ఆ తరువాత ఎన్ని గంతులు వేసినా రేకు మొదటివైపుకి తిరిగి చేరనంతవరకూ స్థితి మారదు. ఎక్లిస్, జోర్డాన్ల పాత కిటుకే ఇది. నా దృష్టిలో అన్నిటిలోకీ శుభ్రమైన ఉపాయం. ఒక్క 7400 చిప్పు సరిపోతుంది.

మూడోది రెసిస్టర్, కెపాసిటర్, ష్మిట్ ట్రిగ్గర్. కెపాసిటర్ గంతులను మెత్తగా చేస్తుంది, ష్మిట్ ట్రిగ్గర్ ఆ మెత్తని వాలుని మళ్ళీ నిటారు మెట్టు చేస్తుంది. కెపాసిటర్ ఒక్కటే పెట్టి మామూలు గేటుకి ఇస్తే, నెమ్మదిగా ఎక్కే వోల్టేజి దగ్గర గేటే తడబడవచ్చు. ఇది చాలామంది చేసే పొరపాటు.

నాలుగోది 555నే ఒక్క పల్సు ఇచ్చేలా వాడటం. 100 కిలో ఓములు, 1 మైక్రోఫారడ్ పెడితే పల్సు 0.11 సెకను ఉంటుంది. ఆ లోపు వచ్చే గంతులను అది పట్టించుకోదు. అయితే వేలు అంతకంటే ఎక్కువసేపు నొక్కి ఉంచితే, వదిలేటప్పుడు పుట్టే గంతులు మళ్ళీ ఇంకో పల్సు తెప్పించవచ్చు. అది చూసుకోవాలి.

ఇప్పుడు మైక్రోకంట్రోలర్లలో ప్రోగ్రామే ఆ పని చేస్తుంది. కొన్ని మిల్లీసెకన్లకొకసారి స్విచ్చిని చూస్తుంది. వరసగా కొన్నిసార్లు ఒకే జవాబు వస్తేనే నమ్ముతుంది. మీ వాషింగ్ మెషిన్ బటన్ దగ్గర నుంచి లిఫ్టు బటన్ దాకా ఈ జాగ్రత్త ఉంటుంది.

ఒక నొక్కు ఒకటిగానే లెక్కకి రావడం ఎంత పెద్ద సంగతో ఓటింగు యంత్రం చూస్తే తెలుస్తుంది. 1979లో దాని నమూనా తయారుచేసింది మన హైదరాబాదులోని ఈసీఐఎల్. 1982లో కేరళలోని పరూరు నియోజకవర్గంలో మొదటిసారి వాడారు. ఓటరు బటన్ నొక్కగానే ఓటు నమోదై యంత్రం తాళం వేసుకుంటుంది. పోలింగు అధికారి మళ్ళీ బ్యాలట్ బటన్ నొక్కేదాకా, ఓటరు ఎన్నిసార్లు నొక్కినా లెక్కలోకి రాదు. మేము మైదానంలో నవ్వులపాలయ్యేనాటికే, ఒక్క నొక్కుని ఒక్కటిగా లెక్కించే బాధ్యత తీసుకున్న ఇంజనీర్లు మన రాష్ట్ర రాజధానిలోనే ఉన్నారు. నాకు ఆ ఊహే లేదు.

మళ్ళీ పెట్టె తెరిచాను

పోయిన ఏడాది సమావేశానికి వచ్చినప్పుడు, ఇప్పటి సైన్సు టీచరు గారు లాబ్ బీరువా చూపించారు. అడుగు అరలో మా పెట్టె ఉంది. పక్కనే చెక్కముక్కకి బిగించిన బెల్ స్విచ్చి. టీచరు గారి అనుమతితో ఇంటికి తీసుకెళ్ళాను. మూత తీసి చూస్తే, నలభై ఏళ్ళయినా ఒక్క సోల్డరింగు అతుకు ఊడలేదు. ఆ అతుకులు వాడివి. తప్పు ఉన్నది నేను గీసిన చోట, స్విచ్చికి 7474కి మధ్య. అక్కడ ఉత్త తీగ తప్ప ఏమీ లేదు.

ఆ మధ్యలో ఒక 74హెచ్‌సీ14 ష్మిట్ ట్రిగ్గర్, 100 కిలో ఓముల రెసిస్టర్, 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్, స్విచ్చితో వరసగా ఒక 100 ఓముల రెసిస్టర్ పెట్టాను. నొక్కినప్పుడు చిన్న రెసిస్టర్ గుండా కెపాసిటర్ వెంటనే ఖాళీ అవుతుంది కాబట్టి మొదటి తాకిడే లెక్కకి వస్తుంది, పరుగు పందెంలో ఆలస్యం ఉండదు. తిరిగి నిండాలంటే పెద్ద రెసిస్టర్ గుండా నిండాలి. అందుకు దాదాపు 40 మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోగా రేకులు ఎన్ని గంతులు వేసినా బయటికి తెలియదు. స్విచ్చి మార్చలేదు. అదే బెల్ స్విచ్చి. వంద సార్లు నొక్కాను. యాభై సార్లు మొదలైంది, యాభై సార్లు ఆగింది.

మొత్తం అదనంగా పట్టినవి నాలుగు భాగాలు. ఆ రోజు ఆ నాలుగు భాగాల బదులు ఒక పిల్లవాడి చేతిని తప్పుపట్టాం. ఉద్యోగంలో ఇన్నేళ్ళలో యంత్రానికీ దాన్ని వాడే మనిషికీ మాట కుదరని సందర్భాలు ఎన్నో చూశాను. ఆపరేటరు "నేను ఒక్కసారే నొక్కాను సార్" అంటే, ముందు ఆసిలోస్కోపు తెప్పిస్తాను. ఆ అలవాటు నాకు ఏ కాలేజీ నేర్పలేదు. మన మైదానం నేర్పింది, కాస్త ఆలస్యంగా.

ఇక్కడున్న టీచర్లకి ఒక మనవి. క్లబ్బులో బొమ్మ గీసినవాడి మాట, బటన్ నొక్కినవాడి మాట వేరుగా ఉన్నప్పుడు, దయచేసి రెండోవాడిని ఇంకో ప్రశ్న అడగండి. "లైటు వెలిగి ఆరిందా? ఎన్నిసార్లు?" అని మా మాస్టారు ఒక్క మాట అడిగి ఉంటే బహుశా ఆ సాయంత్రమే మాకు దారి దొరికేది. మాస్టారి మీద ఫిర్యాదు కాదిది. ఆ బిస్కెట్ల డబ్బా లేకపోతే నేను ఇంజనీరునే కాను. ఆయన్ని తప్పుదారి పట్టించింది నా ధీమా.

టైమరుని ఉత్సవాల్లో పాత విద్యార్థుల పరుగు పందెం దగ్గర పెడుతున్నాం. స్విచ్చి నొక్కే మనిషి కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచమని కార్యదర్శి గారికి చెప్పాను.

ఒరేయ్, నీ చెయ్యి ఆ రోజు వణకలేదు. నలభై ఏళ్ళ కిందట మాస్టారి ముందు, అందరి ముందు అన్న మాటని ఇప్పుడు అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చి నొక్కు.

— పూర్వ విద్యార్థి, 1984-85 పదో తరగతి బ్యాచ్